మోరీ గట్టు మీద మగ్గం మాటలు

అమీర్‌పేటలో మేము కిరాయికి ఉన్న ఇంటి ముందర ఒక అరుగు, అరుగుకు ఎదురుగా కంకర రోడ్డు, రోడ్డు అవతల వాననీళ్లు పోయే మోరీ ఉండేవి. ఆ మోరీ గట్టు మీద రోజూ మధ్యాహ్నం దాటాక ఐదారుగురు మనుషులు వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లను చూడగానే బండ్లవాళ్లు ఎడ్లను అదిలించి తొందరగా దాటిపోయేవాళ్లు. నీళ్లకు పోయే ఆడవాళ్లు కొంగు ముందుకు లాక్కుని రోడ్డుకు ఇవతలి పక్కనుంచే నడిచేవాళ్లు. మా ఆయనైతే వాళ్లు రాగానే నన్ను లోపలికి పొమ్మనేవాడు. నేను పోయేదాన్ని కాదు. కాజాలు కుట్టడానికి వెలుతురు కావాలి, మా ఇంట్లో వెలుతురు ఉండేది అరుగు మీదనే.

అది లడాయి కాలం, జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్లో, ఇరవై మూడేళ్లో. మా ఆయన దర్జీ. వాళ్ల నాన్న సిద్దిపేట అవతలి ఊళ్లో మగ్గం నేసి బతికినవాడు. నూలు పిరమై, మిల్లు బట్ట చవకై, మగ్గం ఆగిపోయాక మా ఆయన పట్నం వచ్చి కుట్టుమిషను నేర్చుకున్నాడు. ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకున్నాడు, అదే మా దుకాణం. మా పుట్టిల్లు కూడా నేత ఇల్లే. మాతో పాటు మా అత్తమ్మ ఉండేది. చిన్నప్పటి నుంచి కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకరపోయిన మనిషి. చెవులు కూడా బాగా మందగించాయి. అరిస్తే తప్ప వినపడేది కాదు. అందుకని తనకు తోచిన చోట కూర్చుని, తనలో తానే మాట్లాడుకునేది.

మోరీ గట్టు మీది వాళ్లను ఊరంతా ‘గట్టోళ్లు’ అనేది. వాళ్లలో పెద్దవాడిని వాళ్లే ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. ముప్పై ఏళ్లుంటాయేమో. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు. ఇంకొకడు టాంగా నడిపేవాడు, ముసల్మాను. గుర్రం లాగే అతనూ ఎప్పుడూ తల ఆడిస్తూ ఉండేవాడు. మూడోవాడు కిరస్తానీ, దొరల బంగళాలో వంట చేసే ఆయన కొడుకు. మిగిలిన ఇద్దరు ముగ్గురు కూలిపనులకు వచ్చి, పని దొరకక అక్కడే ఆగిపోయినవాళ్లు.

వాళ్లేం చేసేవాళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అప్పుడు బట్ట కంట్రోలు. దుకాణాల్లో గజం గుడ్డ కోసం పొద్దటినుంచీ వరసలో నిలబడాలి. వ్యాపారులేమో బేళ్లకు బేళ్లు దాచిపెట్టి గడ్డి బండ్ల కింద, బొగ్గు బండ్ల కింద తరలించేవాళ్లు. గట్టోళ్లు ఆ బండ్లను పంజగుట్ట రాళ్ల దగ్గర ఆపి, బేళ్లు దింపుకునేవాళ్లు. అడ్డమొస్తే కొట్టేవాళ్లు. దొంగ సరుకు కనుక పోగొట్టుకున్నవాడు ఠాణాకు పోలేడు.

వాళ్లను మంచివాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. బండి తోలే మనిషికి ఆ బేళ్లతో ఏం సంబంధం? అయినా అతని నెత్తే పగిలేది. కానీ ఒక సంగతి కూడా చెప్పాలి. మా పక్కింట్లో ఒక ముసలామె చనిపోయింది. కప్పడానికి కొత్తగుడ్డ లేదు. ఆమె కోడలు తన పెళ్లిచీరను మధ్యకు చింపడానికి కూర్చుంది. అంతలో ఉస్తాద్ వచ్చి, ఇంకా ఉతకని కోరా గుడ్డ ఒకటి గడప మీద పెట్టి పోయాడు. ఆ కోడలు గుడ్డను ముట్టుకోవాలా వద్దా అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత తీసుకుంది.

నేను వాళ్ల మాటలు మొదటిసారి విన్నది ఒక ఎండాకాలం. కాజా అంచు చుట్టుకుంటున్నాను. ఉస్తాద్ టాంగా అతనితో అంటున్నాడు.

“కండె నిండింది. నాడె తయారు పెట్టు.”

నేను తలెత్తి చూశాను. వీళ్లకు మగ్గం ఎక్కడిది? మగ్గం ఎరగనివాళ్లకు చెబుతాను. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. నాడె అంటే ఆ కండెను కడుపులో పెట్టుకుని, నిలువు దారాల నడుమ అటూ ఇటూ పరుగెత్తేది. కండె నిండితే నాడెలో పెడతారు, నేత సాగుతుంది. నాకు అంతవరకే తెలుసు. రెండు రోజులకు పంజగుట్ట దారిలో ఒక బొగ్గు బండిని దోచారని తెలిసింది. బేళ్లను అక్కడినుంచి టాంగాలో వేసుకుని పోయారట. అప్పుడు అర్థమైంది. కండె అంటే సరుకు నిండిన బండి. నాడె అంటే అమీర్‌పేటకూ పంజగుట్టకూ నడుమ తిరిగే టాంగా.

ఆ రోజు నుంచి నా చెవులు ఆ గట్టు మీదనే ఉండేవి. ఇది తప్పని నాకు తెలుసు. కానీ పుట్టింట్లో విన్న మాటలు అవి. పెళ్లయి వచ్చాక ఎవరి నోటా వినలేదు. మా ఆయన వాటిని మరిచిపోవాలనే చూసేవాడు, ఎవరైనా అడిగితే మాది దర్జీ ఇల్లు అనేవాడు. అలాంటిది, ఊరు భయపడే మనుషుల నోట మా అమ్మ మాటలు వినపడుతుంటే ఎట్లా లేచిపోతాను?

ఒకసారి వాళ్లు ఒక మనిషికి ‘గంజి పెట్టినం’ అని నవ్వుకున్నారు. గంజి పెట్టిన నూలు బిర్రుగా అవుతుంది, వంగదు. మరునాడు ఆ మనిషి మా ముందునుంచే నడిచిపోయాడు. నడుము వంచలేక, మెడ తిప్పలేక కర్రలాగా పోతున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, నవ్వినందుకు సిగ్గూ వేసింది. జైలును ‘మగ్గం గుంత’ అనేవాళ్లు. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం కదలకుండా కూర్చుంటాడు కదా, అందుకు. గస్తీ తిరిగే జవాను ‘రాట్నం’. తమలో ఒక్కొక్కడూ ఒక ‘పోగు’. ఇవన్నీ ఉస్తాద్ తెచ్చిన మాటలేనని నాకు తొందరగానే తెలిసింది. మిగతావాళ్లు వాటిని కొత్తగా నేర్చుకున్నట్టు పలికేవాళ్లు. అతను మాత్రం ఆలోచించకుండా అనేవాడు.

అన్నీ మగ్గం మాటలే కావు. టాంగా అతను తన గుర్రం మాటలు తెచ్చాడు. ‘లగాం’ అంటే నోరు మూసుకోమని. జవానుకు చెయ్యి తడపడాన్ని ‘దానా పెట్టుడు’ అనేవాళ్లు, గుర్రానికి శనగలు పెట్టినట్టు. వంటాయన కొడుకు బంగళా నుంచి ‘కట్లెట్’ తెచ్చాడు. ఉడికిన ఆలుగడ్డను అరచేత్తో అదిమి చదును చేస్తారట దొరలకు. గంజి పెట్టడం కంటే గట్టి దెబ్బ కట్లెట్. ఎవరి ఇంట్లో ఏ పని ఉండేదో ఆ పని మాటలే ఆ గట్టు మీదికి వచ్చాయి.

వంటాయన కొడుకుకు పెళ్లయింది. పిల్ల తండ్రి ప్రార్థనలు చెప్పే మనిషి. అల్లుడు ఆ గట్టు మీద కూర్చుంటే ఊరుకోనన్నాడట. మెల్లగా రావడం తగ్గించి, తర్వాత మానేశాడు. పంజగుట్ట వైపు ఒక బంగళాలో వంటకు కుదిరాడు. ఎప్పుడైనా మా ముందునుంచి పోతే గట్టు వైపు చూసి చెయ్యెత్తేవాడు. వాళ్లూ ఎత్తేవాళ్లు. మొదట్లో వైరమేమీ లేదు.

ఆ తర్వాతి ఏడు రెండుసార్లు వరసగా గట్టోళ్ల పని చెడింది. వాళ్లు బండిని ఆపడానికి పోయిన చోటికి జవాన్లు ముందే వచ్చి ఉన్నారు. మొదటిసారి పారిపోయారు. రెండోసారి ఇద్దరు దొరికారు. “రెండు పోగులు గుంతల వడ్డయి,” అని ఉస్తాద్ అన్నప్పుడు అతని గొంతు ఎప్పటికంటే ఇంకా తగ్గింది. తమ మాటలు ఎవరో ఠాణాకు చేరవేస్తున్నారని వాళ్లకు అనుమానం మొదలైంది. మాటలు తెలిసి, బయటికి పోయినవాడు ఒక్కడే ఉన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా దుకాణానికి ఒక కొత్త జవాను వచ్చాడు. ఖాకీ అంగీ భుజాల దగ్గర వదులుగా ఉంది, సరిచేయమన్నాడు. మా ఆయన కొలత తీసుకుంటున్నాడు. జవాను పక్కన పెట్టిన ధోతి గుడ్డను చేతిలోకి తీసుకుని, అంచును బొటనవేలి గోటితో మెల్లగా గీరుతూ, దారాలు లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి, “పేక పల్చగుంది,” అని తనకు తానే అనుకున్నాడు. పేక అంటే అడ్డం దారం. బట్ట కొనేవాళ్లు ఎవరూ అట్లా చూడరు. మా నాన్న చూసేవాడు. ఆ జవాను మామూలు బట్టల్లో మోరీ పక్కనున్న చాయ్ హోటల్లో కూర్చుని, మోరీ గట్టు వైపు వీపు పెట్టి, ఒక్క కప్పు చాయ్‌ను గంటసేపు తాగడం తర్వాత రెండు మూడుసార్లు చూశాను.

ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మకు బోనాలు ఆదివారం. అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం, గట్టు మీద ముగ్గురే ఉన్నారు. ఉస్తాద్ నేల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

“ఐతారం రాట్నాలన్నీ ఎల్లమ్మకాడనే తిరుగుతయి. పంజగుట్ట బాట సాఫ్ ఉంటది. నాడె రాళ్లకాడ ఆగాలె.”

“మరి వాడు?” అన్నాడు టాంగా అతను.

“ప్రార్థన అయినంక ఒక్కడే వస్తడు. పోగు తెంపుదం.”

సూది నా వేలికి గుచ్చుకుంది. అంతవరకు వాళ్ల నోట ‘తెంపుడు’ అనే మాట వినలేదు. వినకపోయినా అర్థం కావడానికి ఏముంది? టాంగా అతను తల ఆడించడం మానేసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మా ఆయనతో చెప్పాను. అతను మిషను ఆపాడు.

“నీకెట్ల తెలుసు?”

“ఇన్న.”

“ఇంటే ఇన్నవు. లగాం పెట్టుకో,” అన్నాడు. గట్టోళ్ల మాట తన నోట వచ్చిందని గమనించి నాలుక కరుచుకున్నాడు. “మనం బతుకచ్చినోళ్లం. వాళ్లతోని మనకెందుకు? ఠాణకు పోయి చెప్పినా సావే, వాళ్లతోని చెప్పినా సావే.”

అతను అన్నది నిజమే. రాత్రంతా అదే ఆలోచించాను. వంటాయన కొడుకు ఏమీ చేయలేదని నాకు తెలుసు. వాళ్ల మాటలు ఠాణాకు మోసినవాడు, మగ్గం తెలిసి హోటల్లో కూర్చుని వింటున్న ఆ జవానే. కానీ అది గట్టోళ్లకు చెబితే ఆ జవాను ప్రాణం మీదికి వస్తుంది. అతను చేసింది అతని ఉద్యోగం. పైగా మగ్గం వదిలి, ఖాకీ వేసుకుని, ఎక్కడో ఉన్న తల్లికి తిండి పెడుతున్నవాడే అయి ఉంటాడు. ఒకడిని కాపాడాలంటే ఇంకొకడిని చూపించాలి. చూపించకపోతే ఆదివారం పంజగుట్ట రాళ్ల దగ్గర ఒక మనిషి పడిపోతాడు.

శనివారం వాళ్లు వచ్చి కూర్చున్నారు. మా ఆయన గుడ్డ కోసం బజారుకు పోయాడు. నేను కాజా సగంలో ఆపి, సూదిని జాకెట్టు అంచుకు గుచ్చుకుని, లేచి రోడ్డు దాటాను. అంతకుముందు పరాయి మగవాళ్లతో నేను నిలబడి మాట్లాడింది లేదు. కానీ రోడ్డు సగం దాటాక వెనక్కి తిరగడం ఇంకా కష్టం.

“అన్నా, రేపటి సంగతి మాట్లాడొచ్చిన,” అన్నాను.

ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూశాడు. “ఏం సంగతమ్మా? ఇంట్లకు వో.”

“రేపు రాట్నాలన్నీ ఎల్లమ్మకాడుంటయి. పంజగుట్ట బాట సాఫ్. నాడె రాళ్లకాడ ఆగుతది. వంటాయన కొడుకు ప్రార్థన చేస్కొని ఒక్కడే వస్తడు, మీరు పోగు తెంపుతరు. నిన్న ఇదే గదా అనుకున్నది?”

“యా అల్లా!” అన్నాడు టాంగా అతను. వాళ్లతో ఉన్న కూలివాడు లేచి నిలబడ్డాడు. ఉస్తాద్ చేత్తో సైగ చేసి వాడిని కూర్చోబెట్టాడు.

“ఎవ్వడు చెప్పిండు నీకు?”

“మీరే చెప్పిన్రు. రెండేండ్ల సంది గా అరుగు మీద కూసొని ఇంటున్న.”

“ఇంటే? అర్థమెట్లయింది?”

“మాది నేత ఇల్లు అన్నా. కండె, నాడె, గంజి, గుంత... గివన్నీ నేను మాటలొచ్చిన కాన్నుంచి ఇన్నయే. నాకు అర్థం గాకుంటె ఎవ్వలకైతది?”

అతని ముఖం మారింది. కోపమో, ఇంకేమిటో నాకు తెలియలేదు. మెల్లగా అడిగాడు.

“అయితే ఠాణల చెప్పింది నువ్వేనా?”

ఈ మాట వస్తుందని నేను ఎందుకో అనుకోలేదు. “చెప్పినదాన్నైతే మీ ముందర వచ్చి నిలవడుదునా?” అన్నాను. “వంటాయన కొడుకే చెప్పిండని ఎట్లనుకున్నరు? మీ మాటలు మీ నలుగురికే ఎరికనా? మగ్గం ఇడిసి పట్నం వచ్చినోళ్లు గీ పేటల ఎంతమంది లేరు. దర్జీలల్ల ఉన్నరు, కూలోళ్లల్ల ఉన్నరు...”

జవాన్లలో ఉన్నారనే మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఉస్తాద్ నన్నే చూస్తున్నాడు. నేను ఏదో మింగానని అతనికి తెలిసిందనే అనుకుంటాను. కానీ అడగలేదు.

“మా నాయిన ఒక్క పోగు తెగితె నేత ఆపి అతికేటోడు. చీకటైనా అతికినంకనే లేస్తుండె. మీ నోట తెంపుడు అంటె నాకు మనసున వట్టలె. అందుకే వచ్చిన.”

అంతలో వెనకనుంచి కర్ర చప్పుడు. అత్తమ్మ! నేను రోడ్డు దాటడం చూసి, నాకేమైందోనని తానూ దాటి వచ్చింది. ఆయాసపడుతూ నా భుజం పట్టుకుంది.

“ఏమైందే? ఏమడుగుతుండు?”

ఏం చెప్పను? “మగ్గం గురించి, అత్తమ్మా!” అని ఆమె చెవిలో అరిచాను.

ఆమె ముఖం ఒక్కసారి విచ్చుకుంది. పట్నం వచ్చాక ఆమెను ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. ఉస్తాద్ పక్కనే గట్టు మీద కూలబడి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

“నీది సుత నేతోళ్ల ఇల్లా బిడ్డా?”

ఉస్తాద్ తల ఊపాడు.

“ఆ? ఇనవడలె.”

“ఔను అవ్వా.”

“గట్టిగ చెప్పు బిడ్డా, చెవులు లెవ్వు.”

“ఔను!” అన్నాడు. అతని గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు.

“మీ అమ్మ ఏం చేసేది?”

“ఆసు పోసేది!”

ఆసు పోయడమంటే పట్టె మీది మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి. నేత ఇళ్లలో అది ఆడవాళ్ల పని. మా అత్తమ్మ తన కుడి భుజం పట్టుకుని చూపించింది.

“ఇగో, ఈడ నొస్తుండెనా మీ అమ్మకు?”

“నొస్తుండె! చెయ్యి పైకి లేవకపోయేది! మేమే అన్నం తినిపిస్తుంటిమి!”

“ఇప్పుడెట్లుంది?”

అతను ఆగాడు. ఆమె చెవి అతని నోటి దగ్గరికి పెట్టింది.

“లేదవ్వా! సచ్చిపోయింది!” అని అరిచాడు.

రోడ్డు మీద పోయే బండి ఒకటి ఆగింది. తోలేవాడు ఏం జరుగుతోందో తెలియక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అత్తమ్మ ఉస్తాద్ కుడి భుజాన్ని తన వంకర వేళ్లతో మెల్లగా నొక్కింది, ఆ నొప్పి అతనికే ఉన్నట్టు. “పాపం నా తల్లి,” అంది. “ఎంత సేపు పోస్తుండెనో.”

మిగిలిన ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. వాళ్లకు ఉస్తాద్ తల్లి సంగతి అంతవరకు తెలియదని ఆ చూపుల్లోనే తెలిసింది. ఆ మాటలు ఎక్కడివని వాళ్లు ఎన్నడూ అడిగి ఉండరు, అతనూ చెప్పి ఉండడు. ఆ మాటలు పలుకుతూ అతను రోజూ ఎవరిని తలుచుకునేవాడో నాకు తెలియదు. తలుచుకోకుండానే పలికేవాడేమో కూడా.

ఉస్తాద్ నా వైపు చూడకుండా అన్నాడు. “అవ్వను ఇంట్లకు తీస్కవో అక్కా. ఎండల ఉన్నది.”

ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆదివారం నేను బోనం ఎత్తుకుని బల్కంపేట పోయాను. డప్పులు, వేపమండలు, జనం. జవాన్లు కర్రలు అడ్డం పెట్టి ఆడవాళ్లకు దారి చేస్తున్నారు. మా దుకాణానికి వచ్చిన జవాను కూడా వాళ్లలో ఉన్నాడు, అంగీ భుజాలు సరిగ్గా కుదిరాయి. గట్టోళ్లలో ఒక్కరూ కనిపించలేదు. ఎల్లమ్మ ముందు నిలబడి ఏం మొక్కుకున్నానో నాకే తెలియదు. బోనం దించాక పంజగుట్ట వైపు పోయే బాటనే చూస్తూ నిలబడ్డాను.

జరిగిందంతా మంగళవారం టాంగా అతను చెప్పాడు. అంగీకి ఊడిన గుండీ కుట్టించుకునే నెపంతో మా అరుగు దగ్గరికి వచ్చాడు. వాళ్లు ముగ్గురూ రాళ్ల దగ్గరికి పోయారట.

“తెంపనీకి పోతున్నమో, ఇడిసిపెట్టనీకి పోతున్నమో ఉస్తాద్ చెప్పలె. నేను అడగలె. జేబుల ఏమున్నదో సుత నాకు ఎరిక లేదు అక్కా. మస్తు భయమైంది.”

వంటాయన కొడుకు బాట మలుపు తిరిగి వీళ్లను చూశాడు. చూడగానే అర్థమైపోయింది. పారిపోలేదు. చేతిలోని ప్రార్థన పుస్తకాన్ని రాయి మీద పెట్టి, “ఉస్తాద్, ఇంటికాడ బిడ్డకు జ్వరమున్నది. ఈ మందు ఇచ్చి మల్ల వస్త. దేవుని తోడు, వస్త,” అన్నాడట. జేబులోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు.

“ఉస్తాద్ ఏమన్నడు?” అని అడిగాను.

“‘ఠాణల నువ్వు చెప్పినవా?’ అన్నడు. వాడు లేదన్నడు. ఇగ ఉస్తాద్ గా పుస్తకం తీసి వాని చేతుల వెట్టిండు. నాతోని ‘టాంగల తీస్కవో, జల్ది వో’ అన్నడు. నేను తీస్కపోయిన. గుర్రానికి గంత ఉరుకుడు ఎన్నడు లేదక్కా. బిడ్డకు ఇప్పుడు ఫికర్ లేదు.”

గుండీ కుట్టి ఇచ్చాను.

మా ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు, నీ పెండ్లాం గట్టోళ్లతో నిలబడి మాట్లాడిందని. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు. ఐదో రోజు, “నీకేమన్న అయితే నేనేం చెయ్యాలె?” అన్నాడు. అది కోపం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత వాళ్లు గట్టు మీదికి వచ్చినా నన్ను లోపలికి పొమ్మనలేదు.

జవానుకు కూడా ఒక మాట చెప్పాను. ఇంకో అంగీ ఇవ్వడానికి వచ్చినప్పుడు, మా ఆయన లోపల ఉన్నాడు. “అన్నా, చాయ్ హోటల్ల జర తక్కువ కూసోండ్రి,” అన్నాను. అతను ఉలిక్కిపడి నన్ను చూశాడు. నేను తల వంచుకుని గుండీలు సరిచూసుకుంటున్నాను. “మీదే ఊరు?” అని అడిగాడు. చెప్పాను. “మాది గా పక్కనే,” అన్నాడు. అంతే. కొన్ని నెలలకు వేరే ఠాణాకు బదిలీ చేయించుకుని పోయాడు.

గట్టు మీద ఆ మాటలు ఆగిపోయాయి. కొత్త మాటలు కట్టుకోవాలని చూశారు. పండ్ల పేర్లు పెట్టారు, కొన్నాళ్లు పక్షుల పేర్లు పెట్టారు. ఏదీ నిలవలేదు. మామిడిపండు అంటే ఏమిటో ఒకడు మరిచిపోయి ఇంకొకడిని అడిగేవాడు, వాళ్లలో వాళ్లే నవ్వుకునేవాళ్లు. క్రమంగా రావడమే తగ్గింది. గుంతలో పడ్డ ఇద్దరూ విడుదలై తమ ఊళ్లకు పోయారు. ఉస్తాద్ మా అత్తమ్మ కోసం అప్పుడప్పుడు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినపడేవి. ఎక్కువగా నూలు రంగుల గురించే మాట్లాడుకునేవాళ్లు. ఆమె చెప్పింది అతనికి చాలావరకు తెలుసు, అయినా అడిగేవాడు. లడాయి ఆగిన తర్వాతి ఏడు షోలాపూర్ పోయి మిల్లులో కుదిరాడని టాంగా అతను చెప్పాడు. మంచిగా ఉన్నాడో లేదో తెలియదు, ఉత్తరం రాసే మనిషి కాదు.

వంటాయన కొడుకు ఒకరోజు పెళ్లాన్నీ బిడ్డనూ వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. క్రిస్మస్‌కు బిడ్డకు గౌను కుట్టాలట. గుడ్డ తానే తెచ్చాడు, గులాబీ రంగు. మా ఆయన పిల్లల గౌన్లు నా చేతికే వదిలేసేవాడు. నేను టేపు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడదు.

“గా గట్టు మీద ఒకప్పుడు మా దోస్తులు కూసుంటుండె అక్కా,” అన్నాడు అతను మోరీ వైపు చూస్తూ. “అందరు వాళ్లను చెడ్డోళ్లంటరు. బిడ్డకు పానం బాగలేనప్పుడు టాంగ ఇచ్చి పంపిన్రు. నేనైతే ఎన్నడు మరువ.”

అతని పెళ్లాం ఔనన్నట్టు తల ఊపింది. అతనికి ఆ రోజు బాట మీద ఏ గండం తప్పిందో ఆమెకు తెలియదు. ఎందుకు తప్పిందో అతనికీ తెలియదు.

“చేతులు పైకెత్తు తల్లీ,” అన్నాను పిల్లతో. ఎత్తింది. పెరిగే పిల్ల కదా అని, పొడుగు కొలత రెండు వేళ్లు ఎక్కువే తీసుకున్నాను.